అడవి టర్కీని పిలవడం నేర్చుకునేవారికి: గొంతు కంటే ముందు లయ

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఈ ఏప్రిల్‌లో అమెరికాలోని మిస్సోరిలో మొదటిసారి అడవి టర్కీ వేటకు వెళ్లబోతున్నారు. మిత్రులు ఒక బాక్స్ కాల్, ఒక పలక కాల్, రెండు మూడు నోటి కాల్స్ ఇచ్చారు (కాల్ అంటే కోడి అరుపును అనుకరించే చిన్న పరికరం). కొన్ని వారాలుగా సాధన చేస్తున్నా శబ్దం కీచుమనడం తప్ప కోడి గొంతులా రావడం లేదు, పైగా నోటి కాల్ పెట్టుకోగానే డోకు వస్తోంది. దేనితో మొదలుపెట్టాలి, ఎంత సహజంగా వస్తే పుంజు నమ్ముతుంది, గుంటూరు దగ్గర మీ బంధువులు పెంచే టర్కీ కోళ్ల అరుపులు విన్నా ఉపయోగముంటుందా అన్నవి మీ సందేహాలు. వీటికి మీరు అడిగిన వరుసలో కాకుండా, ఏది ముందు అర్థమైతే మిగతావి సులువవుతాయో ఆ క్రమంలో సమాధానం చెబుతాను.

వసంతకాలంలో పుంజు కూస్తుంది, పెట్ట ఆ కూత విని దాని దగ్గరకు వెళుతుంది. వేటగాడు చేసే పని దీనికి సరిగ్గా తలకిందులు. పెట్టలా పిలిచి, ఎదురుచూడటం అలవాటైన పుంజును నడిపించి రప్పించాలని చూస్తాడు. అందువల్ల మీ పిలుపుకు పుంజు కూతతో బదులు పలికినంత మాత్రాన అది వస్తుందని కాదు; "నేనిక్కడే ఉన్నాను, నువ్వే రా" అన్నదే చాలాసార్లు దాని బదులుకు అర్థం. ఎవరి కాల్ ఎంత బాగుందన్నదాని కంటే, ఆ కాల్ వింటే అక్కడ నిజంగా ఒక పెట్ట ఏదో పని చేసుకుంటూ తిరుగుతోందని పుంజుకు అనిపిస్తోందా లేదా అన్నదే ముఖ్యం. తిరుగుతున్న పెట్ట ఒకే రకంగా, ఒకే బిగ్గరతనంతో, గడియారం కొట్టినంత క్రమంగా అరవదు. మేత మేస్తూ రెండు మెల్లని శబ్దాలు చేస్తుంది, కాసేపు ఊరుకుంటుంది, ఇంకో పెట్ట కనిపించకపోతే నాలుగైదు సార్లు పిలుస్తుంది, మళ్లీ నోరు మూసుకుంటుంది. కొత్తవారి సాధనలో లోపించేది ఎక్కువగా ఈ నడకే.

కాబట్టి చేతులతో చేసే సాధనకు ముందు చెవులతో చేసే సాధన కావాలి. కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షిశాస్త్ర ప్రయోగశాల వారి మెకాలే లైబ్రరీలో అడవి టర్కీల అసలైన ధ్వనిముద్రణలు ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా వినవచ్చు. కాల్స్ తయారుచేసే కంపెనీలు పెట్టే వీడియోల కంటే ఇవే మీకు ఎక్కువ నేర్పుతాయని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ వీడియోలలో మీరు వినేది కోడిని కాదు, కోడిని అనుకరించే మనిషిని. ఇక గుంటూరు కోళ్ల సంగతి. ఇళ్లలో పెంచే టర్కీలు, అమెరికా అడవి టర్కీలు ఒకే జాతికి చెందినవి. పెంపుడు కోళ్లకు మూలం మెక్సికోలోని అడవి టర్కీలు. శరీరం బరువెక్కింది, ఎగిరే శక్తి తగ్గింది కానీ భాష చాలావరకు మిగిలే ఉంది. అందువల్ల వాటిని వినడం నిస్సందేహంగా ఉపయోగమే. మీవారిని పొద్దున గూడు తలుపు తీసే వేళ, మేతకు వదిలిన తరువాత, కోడిని పిల్లల నుంచి కాసేపు వేరు చేసినప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి పంపమనండి. ఈ మూడు సందర్భాలలో మూడు వేరు వేరు మాటలు వినబడతాయి. మేత వేసేటప్పుడు మనిషి వల్ల చేసే గోలను మాత్రం పట్టించుకోకండి, అది అడవిలో ఉండదు.

ఇప్పుడు ప్రధానమైన కూత, దీన్ని యెల్ప్ అంటారు. ఒక్క యెల్ప్‌ను నెమ్మదింపచేసి వింటే అందులో రెండు భాగాలుంటాయి: మొదట సన్నగా, స్పష్టంగా ఈల వంటి స్వరం, వెంటనే అది విరిగి కింద పడి బొంగురుగా ముగిసే స్వరం. ఈ విరుపునే వేటగాళ్లు బ్రేక్ అంటారు. పై స్వరం మాత్రమే వస్తే పిట్ట కీచు, కింది స్వరం మాత్రమే వస్తే బాతు అరుపు. మీకు కీచుమని వినబడుతోందంటే మీరు పై స్వరం దగ్గరే ఆగిపోతున్నారని నా అనుమానం. పెట్ట మామూలుగా ఇలాంటి యెల్ప్‌లను మూడు నుంచి తొమ్మిది దాకా ఒక వరుసలో వేస్తుంది. వరుసలో మొదటిది తరచు కొంచెం మెత్తగా ఉంటుంది, మధ్యవి బలపడతాయి, చివరివి కిందికి జారతాయి. యెల్ప్‌కూ యెల్ప్‌కూ మధ్య ఖాళీ దాదాపు సమానంగా ఉండాలి. అది తడబడితే గొంతు ఎంత అచ్చంగా ఉన్నా వరుస అబద్ధంలా వినిపిస్తుంది. పుంజు కూడా యెల్ప్ చేస్తుంది, కానీ మరింత నిదానంగా, బరువుగా, తక్కువ సంఖ్యలో. కాబట్టి వేగం తప్పితే మీరు పెట్ట బదులు పుంజుగా మాట్లాడుతున్నట్టవుతుంది. గొంతులో మాత్రం ఆశ్చర్యకరమైన స్వేచ్ఛ ఉంది. నిజమైన పెట్టలలో కొన్నింటి గొంతు వింటే పోటీలలో మొదటి రౌండు కూడా దాటవేమో అనిపిస్తుంది; ఒక్కోటి పగిలిన గొంతుతో, ఒక్కోటి తుప్పుపట్టిన తలుపు బందులా అరుస్తుంది. కానీ లయ తప్పే పెట్ట ఎదురుపడటం అరుదు.

యెల్ప్ తరువాత నేర్వవలసింది క్లక్. అది ఒకే పొట్టి శబ్దం. దగ్గరలోని తోటి కోడి దృష్టిని తనవైపు తిప్పుకోవడానికి పెట్ట చేసేది. దీనికి దగ్గరి చుట్టం పట్ అనే శబ్దం, ఇక్కడే జాగ్రత్త కావాలి. క్లక్ మెత్తగా, మధ్యలో సమయమిస్తూ, నిర్లక్ష్యంగా వస్తుంది; పట్ పదునుగా, గట్టిగా, వెంటవెంటనే వస్తుంది, దాని అర్థం ప్రమాదం. దగ్గరకు వస్తున్న పుంజుకు క్లక్ చేయబోయి ఒత్తిడి ఎక్కువై పట్ చేశారంటే అది మెడ నిక్కించి వెనక్కి తిరుగుతుంది. పర్ అనేది మేత మేస్తూ తృప్తిగా ఉన్న కోడి గొంతులో సన్నగా మ్రోగే గురగుర, చాలా దగ్గరలో తప్ప వినబడదు. కటింగ్ అంటే ఉద్రేకంగా, లయ కావాలనే చెడగొట్టి వేసే వేగమైన క్లక్‌ల వరుస. పొద్దున చెట్టు దిగేటప్పుడు వేసే కాకిల్, శరత్కాలంలో తప్పిపోయిన పిల్లకోళ్లు ఈలలా వేసే కీకీ కూడా ఉన్నాయి కానీ వసంతకాలపు మొదటి సీజన్‌కు అవి మీకు అవసరం లేదు. యెల్ప్, క్లక్, పర్ ఈ మూడూ సరిగా వస్తే చాలు. కటింగ్ వచ్చే ఏడు చూసుకోవచ్చు.

పరికరం విషయంలో నా సలహా: పలక కాల్‌తో మొదలుపెట్టండి. పాట్ కాల్ అని కూడా అంటారు. గుండ్రని చిన్న డబ్బా మీద పలకరాయి, గాజు లేదా అల్యూమినియం బిళ్ల, దాన్ని గీయడానికి స్ట్రైకర్ అనే కర్ర. యెల్ప్, క్లక్, పర్ మూడూ దీని మీద వస్తాయి, బిగ్గరతనం వేళ్ల చివర అదుపులో ఉంటుంది, డోకు సమస్య లేదు. డబ్బాను అరచేతిలో గట్టిగా అదిమి పట్టకుండా అంచుల దగ్గర వేళ్ల కొనలతో పట్టుకోవాలి, అడుగున ఉన్న రంధ్రాలు మూసుకుపోకూడదు. డబ్బా అడుగుకూ అరచేతికీ మధ్య ఉండే ఖాళీలోనే శబ్దం గుండ్రదనం పొందుతుంది. స్ట్రైకర్‌ను చిన్నప్పుడు బలపం పట్టినట్టే పట్టి కొద్దిగా వాల్చండి. అంచు నుంచి ఇంచుమించు రెండు సెంటీమీటర్లు లోపలికి కొనను ఆనించి, చిన్న కోడిగుడ్డు ఆకారాన్ని గీయండి. కొన పలకను వదలకూడదు. ఆ ఆకారంలో ఒక సగం పై స్వరాన్ని, రెండో సగం కింది స్వరాన్ని ఇస్తుంది. అంచు వైపు జరిగితే స్వరం హెచ్చుతుంది, మధ్యకు వస్తే తగ్గుతుంది. ప్రతి పలకకూ బాగా పలికే చోటు ఒకటి ఉంటుంది, దాన్ని వెతికి పెట్టుకోండి. క్లక్ కోసం అదే చోట కొంచెం ఒత్తిడి పెట్టి కొనను ఒక్క చిటికెడు దూరం లాగి ఆపేయండి. పర్ కోసం ఒత్తిడి దాదాపు తీసేసి, కర్ర తన బరువుతో తానే నెమ్మదిగా జారేటట్టు ఒక పొడుగు గీత గీయండి; కొన తనంతట తాను చిన్న చిన్నగా ఎగిరిపడుతుంటే గురగుర వస్తుంది.

శబ్దం రాకుండా కర్ర జారిపోతుంటే లోపం మీది కాకపోవచ్చు. పలకను సన్న శాండ్‌పేపర్‌తో, గాజును అంతకంటే గరుకైన దానితో, ఒకే దిశలో రుద్ది, ఆ గీతలకు అడ్డంగా కర్రను ఆడించాలి. స్ట్రైకర్ కొన కూడా నున్నబడుతుంది, దాన్నీ అప్పుడప్పుడు రుద్దాలి. రుద్దిన తరువాత పలక మీద వేలు పెట్టకండి; చర్మపు జిడ్డు ఒక్క చోట అంటినా అక్కడ శబ్దం చచ్చిపోతుంది. హికరీ, పర్పుల్‌హార్ట్ వంటి వేర్వేరు చెట్ల కర్రలతో అదే పలక వేర్వేరు పెట్టల్లా పలుకుతుంది, కాబట్టి రెండో పలక కొనే ముందు రెండో కర్ర కొనడం తెలివైన పని.

బాక్స్ కాల్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే అది అన్నిటికంటే సులువు. మూతకు పొడవాటి పిడి ఉన్న ఈ రూపానికి ఆర్కాన్సాస్‌కు చెందిన హెన్రీ గిబ్సన్ 1897లో పేటెంటు పొందాడు, నేటికీ పెద్దగా మారలేదు. మూత అడుగున సుద్ద రాయాలి. నూనె లేదా మైనం కలవని సుద్దే వాడాలి, లేకపోతే చెక్క పాడవుతుంది. పెట్టెను వదులుగా పట్టి, మూతను పెట్టె గోడ మీద నుంచి ఎత్తకుండా పొట్టిగా తోయండి. కొత్తవారు మూతను చాలా దూరం ఊపుతారు, దానితో యెల్ప్ సాగదీసినట్టు వస్తుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజున దూరానికి వినిపించాలంటే దీనికి మించినది లేదు, కానీ చేయి కదలిక కనబడుతుంది కనుక పుంజు కంటిచూపులోకి వచ్చాక దీన్ని కింద పెట్టేయాలి.

అదే కారణంతో నోటి కాల్ ఎప్పటికైనా నేర్చుకోవలసిందే. మీ దగ్గరున్న వాటిలో రెండు చేతులూ తుపాకి మీద ఉండగా పలకగలిగేది అదొక్కటే. గుర్రపునాడా ఆకారపు అల్యూమినియం చట్రంలో లేటెక్స్ రబ్బరు పొరలు బిగించి, చుట్టూ టేపు వేసి ఉంటుంది. డోకు రావడానికి కారణం చాలావరకు చట్రం మీ అంగిలికి పెద్దది కావడం, లేదా దాన్ని మరీ వెనక్కి నెట్టడం. చిన్న చట్రం ఉన్నదాన్ని తీసుకుని, టేపు అంచును కత్తెరతో కొంచెం కొంచెంగా కత్తిరించి, చట్రాన్ని మధ్యలో స్వల్పంగా వంచి, తెరిచి ఉన్న అంచు పళ్ల వైపు ఉండేలా అంగిలికి ఆనించండి. మొదటి కొన్నాళ్లు శబ్దం చేసే ప్రయత్నమే వద్దు. ఇంటి పనులు చేసుకుంటూ దాన్ని నోట్లో ఉంచుకోండి, నాలుక దానికి అలవాటు పడుతుంది. తరువాత నాలుకతో తేలికగా నొక్కి, బుగ్గలతో ఊదకుండా, గొంతు తెరిచి కడుపులోంచి "హ" అని గాలి వదలండి. ముందు సన్నని ఈల రావాలి. ఈల నిలకడగా వచ్చాక, గాలి ఆపకుండానే దవడను ఒక్కసారిగా కిందికి వదిలితే స్వరం విరిగి బొంగురుగా మారుతుంది. ఆ క్షణం మీ యెల్ప్ పుట్టినట్టే. ఒకటి రెండు పొరలు ఉన్నదానితో మొదలుపెట్టండి. మూడు పొరలు, రకరకాల కోతలు ఉన్నవి ఎక్కువ గాలి అడుగుతాయి. ఇది ఈ ఏప్రిల్‌కు సిద్ధం కాకపోతే బెంగ పడవద్దు, పలకతోనే వెళ్లండి.

పోటీల గురించి ఒక మాట. జాతీయ అడవి టర్కీ సమాఖ్య ఏటా నాష్‌విల్‌లో జరిగే తన సమావేశంలో గ్రాండ్ నేషనల్ కాలింగ్ పోటీలు నిర్వహిస్తుంది. అక్కడి విజేతల పలుకు వింటే నిజంగా ఒళ్లు పులకరిస్తుంది. అయితే అక్కడ తీర్పు చెప్పేది మనుషులు, వారు ప్రతి స్వరం శుభ్రతను తూకం వేస్తారు. దాన్ని కొలబద్దగా పెట్టుకుని కొత్తవారు నిరుత్సాహపడటం అనవసరం. అడవిలో మీ ఎదుట ఉన్న న్యాయమూర్తి వినేది వేరు: దూరం, దిశ, సందర్భం. పుంజు శబ్దం వచ్చిన చోటును దాదాపు చెట్టుతో సహా గుర్తుపడుతుంది, వచ్చి అక్కడ పెట్ట కనబడకపోతే అనుమానిస్తుంది. అందుకే చిన్న మిట్టకో మలుపుకో అవతల కూర్చుని పిలిస్తే, పెట్టను చూడటానికి అది తుపాకి దూరంలోకి రాక తప్పదు. ఈ కూర్చునే చోటు ఎంపిక మీ కాల్ నాణ్యత కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

తెల్లవారకముందు పుంజు ఇంకా చెట్టు మీదే ఉండగా రెండు మూడు మెత్తని యెల్ప్‌లు వేసి ఊరుకోండి. అది కూత వేసినకొద్దీ మీరు బదులిస్తూ పోతే, పెట్ట తన దగ్గరకే వస్తుందని నమ్మి అది కొమ్మ మీదే కూర్చుంటుంది. అది దిగిన తరువాత మీరు చేసే అత్యంత సహజమైన శబ్దానికి అసలు కాల్ అక్కరలేదు: చేత్తో ఎండుటాకులను ఒకసారి, వెంటనే రెండుసార్లు గీరి ఆగండి. మేస్తున్న కోడి కాళ్లతో గీరి, ఆగి, కిందికి చూసే తీరు అది. మధ్యలో ఒక క్లక్, ఒక పర్ కలిపితే చాలు. పుంజు వెంట నిజమైన పెట్టలు ఉంటే పొద్దున్నే అది మీకోసం వాటిని వదిలి రావడం అరుదు. కానీ గుడ్లు పెట్టే కాలంలో పెట్టలు ఉదయం కాస్త పొద్దెక్కాక ఒక్కొక్కటిగా గూళ్లకు జారుకుంటాయి, పుంజు ఒంటరిగా మిగులుతుంది. తొమ్మిది దాటాక చాలామంది కారెక్కి ఇంటిముఖం పట్టే వేళకే మీ మామూలు యెల్ప్‌కు విలువ పెరుగుతుంది. పుంజు దగ్గరగా వస్తున్నదని తెలిస్తే పిలవడం తగ్గించండి. మీ మౌనం దాన్ని వెతికేలా చేస్తుంది.

కాల్ బాగా రావడం మొదలయ్యాక ప్రమాదం కూడా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మీ కాల్‌ను నమ్మేది పుంజు ఒక్కటే కాదు, ఇతర వేటగాళ్లు కూడా. అందరికీ ప్రవేశమున్న అడవులలో పుంజు కూతను అనుకరించే కాల్ వాడవద్దు. ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద కనబడనివ్వకండి. అవి పుంజు తల రంగులు. భుజాల కంటే వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోండి, మరో మనిషి కనబడితే చేయి ఊపకుండా మనిషి గొంతుతో గట్టిగా పలకరించండి. శబ్దం విన్న వైపుకు ఎప్పుడూ పాకుతూ పోకండి. మిస్సోరిలో వసంతకాలంలో పుంజునో, రొమ్ము నుంచి వేలాడే ఈకల కుచ్చు (దీన్నే గడ్డం అంటారు) కనబడే కోడినో మాత్రమే కొట్టాలి కనుక శబ్దాన్ని బట్టి కాక కళ్లతో చూశాకే నిర్ణయం తీసుకోవాలి. రికార్డు చేసిన కూతలను స్పీకరులో వినిపించడం చాలా రాష్ట్రాలలో నిషేధం. మీ ఫోన్‌లోని గుంటూరు రికార్డింగులు ఇంట్లో సాధనకే పరిమితం కావాలి.

మీ కాల్ ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలంటే, ఫోన్‌ను యాభై అడుగుల దూరంలో పెట్టి ఆరుబయట రికార్డు చేసి మరుసటి రోజు వినండి. చెవి పక్కన ఉన్న శబ్దానికీ దూరం నుంచి వచ్చే శబ్దానికీ చాలా తేడా ఉంటుంది. దగ్గరలో గరగరలాడే పలక కాస్త దూరంలో కమ్మగా వినిపిస్తుంది, గదిలో అద్భుతంగా అనిపించిన నోటి కాల్ బయట పలచబడుతుంది. రికార్డింగును మెకాలే లైబ్రరీ ధ్వనుల పక్కన పెట్టి, వరుసగా ముందు ఒక పెట్ట, తరువాత మీరు, మళ్లీ మరో పెట్ట అన్నట్టు వినండి. స్వరం సంగతి పక్కన పెట్టి ఖాళీలను మాత్రమే పోల్చండి. రోజుకు గంటసేపు ఒకేసారి చేయడం కంటే, పది నిమిషాల చొప్పున రెండు మూడుసార్లు చేస్తే చేయి తొందరగా కుదురుతుంది, ఇంట్లోవారి సహనం కూడా నిలుస్తుంది.

వాన రోజుల కోసం ఒక ఏర్పాటు. పలకరాయి, కర్ర, సుద్ద రాసిన మూత తడిస్తే మూగబోతాయి. గరుకు చేసిన గాజు బిళ్ల, కార్బన్ లేదా ప్లాస్టిక్ స్ట్రైకర్ ఒక జత సంచిలో ఉంచుకోండి. బాక్స్ కాల్‌ను పలచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి సంచితోనే పలికించవచ్చు. నోటి కాల్స్‌ను వాడిన ప్రతిసారీ నీళ్లతో కడిగి, పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పుల్ల పెట్టి, ఆరాక డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో దాచండి. ఎండలో ఆగిన కారులో ఒక్క మధ్యాహ్నం వదిలేసినా లేటెక్స్ సాగిపోతుంది. అటువంటి కాల్‌తో ఎంత సాధన చేసినా పై స్వరం పలకదు, కాబట్టి నేర్చుకునేటప్పుడు ఒకే రకానివి రెండు కొని ఒకదాన్ని ముట్టుకోకుండా ఫ్రిజ్‌లో ఉంచి, శబ్దం చెడిందనిపించినప్పుడు లోపం మీ నాలుకదా రబ్బరుదా అన్నది దానితో తేల్చుకోండి.